చెప్పుల కాపలా

సాయిపద్మ మూకుట్లో జంతికలు తిప్పుతుండగా వెనక నుంచి మొగుడి మాట వినిపించింది. "పిల్లతో నువ్వూ ఎల్లు పద్మా. ఆడపిల్లని ఒక్కర్తినీ ఎలా పంపుతాం? అక్కడ ఏటి పెడతారో ఏటో. వండిపెట్టడానికి మనిషుండాలి కదా."

బరంపురంలో పప్పుల హోల్‌సేల్ కొట్టున్న సోమేశ్వరరావు ఒక మాటన్నాడంటే ఆ ఇంట్లో అది తీర్పే. పదో తరగతి పరీక్షలు రాసిన కూతురు హరిచందన, రంభ అనే ఊరి దగ్గర చిలికా సరస్సులో వేసవి శిబిరానికి వెళ్తానని నెల్లాళ్లుగా ప్రాణం తోడేస్తోంది. కయాకులనే సన్నటి పడవల్ని తెడ్లతో నడపడం నేర్పుతారట. ఆఖర్న దీవికి వెళ్లి పిల్లలే గుడారాలు వేసుకుని ఉంటారట. సాయిపద్మ సరేనని తలూపింది గానీ ఇటు తిరగలేదు. తిరిగితే ఆ సంబరం ముఖంలో దొరికిపోయేది.

ఆ సంబరానికి కారణముంది. ఏటా గోపాలపూర్ బీచికి వెళ్తారు ఆ ఇంటివాళ్లు. "పద్మా, నువ్వు సెప్పులు సూడు" అంటూ అత్తగారు చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని కెరటాల్లోకి నడుస్తుంది. ఆడపడుచు గాజులు, మరిది ఫోను, అందరి తువ్వాళ్లు సాయిపద్మ ఒళ్లోకి వస్తాయి. ఒకసారి తనూ దిగబోతే సోమేశ్వరరావు నవ్వేశాడు. "నువ్వు కూడా దిగితే ఇవన్నీ ఎవరు సూస్తారే?" నిజమే కదా అనుకుంది. ప్రతిదానికీ నిజమే కదా అనుకోవడమే తన జబ్బని ఆ మహాతల్లికి చాలా ఏళ్లు తెలియలేదు. ఇన్నేళ్ల కాపురంలో సముద్రం ఆమె చీలమండలు దాటి పైకి రాలేదు, చెప్పుకుంటే సిగ్గుచేటు.

శిబిరంలో సాయిపద్మ మోసుకొచ్చిన సంచి చూసి లక్ష్మీప్రసన్న నవ్వింది. ఇచ్ఛాపురం పిల్ల, పడవ నడపడం నేర్పేది ఆవిడే. పిల్లలు ప్రసన్న దీదీ అంటారు. "ఇంటి తిండి ఇక్కడ పనికిరాదు ఆంటీ. పిల్లలే వండుకుంటారు. మీరు పడవైనా ఎక్కాలి, ఒడ్డునైనా కూకోవాలి."

"ఒడ్డున కూకోడం నాకు బాగా వొచ్చమ్మా," అంది సాయిపద్మ. "పడవే ఎక్కుతాను."

పడవలో హరిచందనని వెనక కూర్చోబెట్టారు. పడవ ఎటు తిరగాలో చూసుకునేది వెనకవాళ్లే. మంచం మీంచి దిగకుండా అమ్మా మంచినీళ్లు అని కేకేసే పిల్ల, కొత్తవాళ్లొస్తే తల్లి కొంగు వెనక్కి జారుకునే పిల్ల, తన ప్రాణం పట్టుకుని వెనక కూర్చుంది కదా అని సాయిపద్మ ఊరికే తిరిగి చూసి అటు తొయ్యి, ఇటు తొయ్యి అని మొదలెట్టింది. పిల్ల కాసేపు ఓర్చుకుంది. "ఎనక్కి సూడకమ్మా, పడవ ఊగుతాది. నువ్వు ముందుకే సూడు. నేనున్నాను కదా." నేనున్నాను అనే మాట సాయిపద్మ ఆ ఇంట్లో అందరికీ చెప్పిందే తప్ప తనకి ఎవరూ చెప్పగా వినలేదు. తెడ్డు గట్టిగా పట్టుకుని ముందుకే చూసింది.

పడవని కావాలనే బోల్తా కొట్టించి మళ్లీ ఎక్కడం నేర్పుతుంటే మొదటిరోజు హరిచందన ఏడ్చి ఒడ్డుకి పరిగెత్తింది. ప్రసన్న బలవంతపెట్టలేదు. మర్నాడు పొద్దున్న పిల్ల తనంతట తనే, ముందు తల్లి ఉందన్న దయైనా లేకుండా, పడవని తిరగేసింది. లైఫ్ జాకెట్లు ఇద్దర్నీ పైకి లేపాయి. ముక్కులోకి ఉప్పునీళ్లు పోయి, జడ ఊడిపోయి సాయిపద్మ నవ్వుతూనే ఉంది. ఇంత గట్టిగా నవ్వి ఎన్నేళ్లయిందో. ఆ మధ్యాహ్నం పిల్లలు వండిన కిచిడీ అడుగంటింది. బొబ్బలెక్కిన చేతులతో హరిచందన మొదటి గరిటె తల్లి కంచంలో వేసింది. ఆ మాడు కిచిడీ ఇంకోసారి వేయించుకుంది సాయిపద్మ. ఆమెకి కళ్లనీళ్లు ఆగలేదు.

దీవికి బయల్దేరే రోజు ఉదయం ఫోనొచ్చింది.

"మా సెల్లి అత్తోరోళ్లు వస్తన్నారు," అన్నాడు సోమేశ్వరరావు. "డ్రైవర్ కాసుల్ని కారిచ్చి పంపాను, వొచ్చేసుంటాడు. పిల్లని తీసుకుని బయల్దేరిపో."

"దీవికెళ్లేది ఇవాళేనండీ."

"దీవెక్కడికి పోద్ది, వొచ్చే ఏడు సూసుకోవచ్చు. ఇక్కడ వంటకి మనిషి లేదు."

ఫోను పెట్టేశాడు. అక్కడ వండిపెట్టడానికి మనిషి కావాలని పంపాడు, ఇప్పుడు ఇక్కడ మనిషి లేదని పిలుస్తున్నాడు. ఇంతకీ పిల్లకి తోడు అన్నది ఎక్కడా లేదు, ఉన్నదంతా వంటే. ఒళ్లు మండింది సాయిపద్మకి. అయినా అలవాటు చెడ్డది, చెయ్యి సంచి సర్దడానికి వెళ్లింది.

పక్కనుంచి అంతా విన్న హరిచందన లైఫ్ జాకెట్ బకిల్ ఊడదీసుకుంటోంది. "పదమ్మా. నాన్న కోప్పడతారు. ఇంటిలో సుట్టాలుంటే నువ్వు లేకపోతే ఎలాగ? నిజమే కదా."

సాయిపద్మ చెయ్యి ఆగిపోయింది. కూతురి ముఖంలో తనే కనిపించింది, ఒళ్లో తువ్వాళ్లతో, గాజులతో, ఇసకలో కూర్చుని. వద్దు, ఈ జబ్బు నా దగ్గరే ఆగిపోవాలి అనుకుంది. దగ్గరికెళ్లి ఆ బకిల్ తనే పెట్టి బిగించింది.

"నిజం కాదే హరీ. పడవ దించు."

బరంపురం నుంచి కారు అప్పుడే వచ్చి ఆగింది. దిగిన డ్రైవర్ కాసులు చేతిలో తిండి సంచి పెట్టింది సాయిపద్మ. "జంతికలు, పులిహోర పొడి, ఆవకాయ అన్నీ ఉన్నాయి. అన్నం ఒక్కటే వండుకోవాలి. అది ఎవరికైనా వొస్తాది."

కాసులు సంచినీ ఆమెనీ మార్చి మార్చి చూశాడు. అప్పటికే ఆమె చెప్పులు విడిచేసి నీళ్లలోకి నడుస్తోంది.

"అమ్మగారూ, సెప్పులు ఇక్కడే ఉండిపోనాయి. ఎవరు సూస్తారండి?"

"పోతే పోనీరా."

నీళ్లు మోకాళ్లు దాటాయి. పడవ ముందు భాగంలో ఎక్కి కూర్చుని తెడ్డు అందుకుంది. వెనక హరిచందన ఎక్కి కుదురుకున్నట్టు పడవ కొంచెం ఊగి నిలబడింది. సాయిపద్మ తిరిగి చూడలేదు.

ఒడ్డునుంచి కాసులు కేకేశాడు. "మరి ఎప్పుడొస్తారని సెప్పమంటారు?"

"పిల్ల తీసుకొచ్చినప్పుడొస్తానని సెప్పు."