తెల్లని ఆకాశంలో చుక్క

జకర్యా మౌస్ నొక్కాడు. పాత ఫొటో పోయి కొత్తది వచ్చింది. మళ్లీ నొక్కాడు. కొత్తది పోయి పాతది వచ్చింది. సీతాఫల్‌మండిలోని ఆ పరిశోధనశాలలో ఆయన ఉద్యోగమంతా ఇంతే. ఎంఎంటీఎస్ రైలు వెళ్లినప్పుడల్లా కిటికీ అద్దాలు వణుకుతాయి. ఆయన వేలు మాత్రం ఆగదు.

ఇక్కడ ఆకాశాన్ని తిరగేసి చూస్తారు. మసక చుక్కలు కంటికి ఆనాలని ఆకాశాన్ని తెల్లగా, నక్షత్రాలను నల్లగా పెడతారు. ఎక్కడో వేరే గెలాక్సీలో, కంటికి కనిపించనిదొకటి పక్కనున్న నక్షత్రాన్ని పీల్చుకు తింటోంది. దాని ఎక్స్‌కిరణాలను పట్టిన ఉపగ్రహం ‘ఇక్కడెక్కడో’ అని ఒక వలయం గీసి ఊరుకుంది. అందులో కొత్తగా వెలిగిన ఆ నక్షత్రం ఏదో జకర్యా చూపించాలి. ఈ సాయంత్రంలోగా గుర్తు పంపితేనే పెద్ద టెలిస్కోపు అటు తిరుగుతుంది. తప్పుచోట పెడితే, రిటైరయ్యాక కూడా పిలిచి కూర్చోబెట్టారన్న ఆయన పరువు పోతుంది.

గుర్తు నిన్ననే పెట్టాడు, వలయం నట్టనడుమ. శాస్త్రవేత్త ప్రేమమణికి అక్కడేమీ కనిపించలేదు. బోయిగూడ పిల్ల, చర్చిలో ఆయన దగ్గరే పాటలు నేర్చుకుంది. కాదనడానికి నోరు రాలేదు.

“నాకైతే ఏం కనిపిస్తలేదు అంకుల్. మీరు చూసిన్రంటే ఉంటది.”

మధ్యాహ్నం డబ్బా తెరిచాడు. పెరుగన్నం మీద నల్లచుక్క. చీమనుకుని చెంచాతో తీయబోతే చుక్క చెంచా మీదికి ఎక్కింది. గోడను చూస్తే గోడ మీద. ప్రేమమణిని చూస్తే, ఏనాడూ బొట్టు పెట్టని ఆ నుదుటి మీద. ఆయనకు అంత దూరాన తింటున్నది ఇక్కడికీ వచ్చిందా అనిపించింది. ఆ వెనకే అంతకన్నా పెద్ద భయం పట్టుకుంది. తన కంట్లో చుక్కను తీసుకెళ్లి ఆకాశానికి అంటగట్టాడా?

కుడికన్ను మూస్తే చుక్క పోయింది. రుమాలు మడిచి ఆ కంటికి కట్టుకుని తెర ముందు కూర్చున్నాడు. నట్టనడుమ ఏమీ లేదు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

“ప్రేమమ్మా, నేను పెట్టింది తప్పు. తీసేస్తున్నాను,” అన్నాడు. అయినా అలవాటు కొద్దీ వేలు నొక్కుతూనే ఉంది. “ఆగు. కాస్త ఎడంపక్క చూడు. పాతదాంట్లో లేదు, కొత్తదాంట్లో ఉంది. ఇంతసేపూ నా చుక్కే దీన్ని కప్పేసిందమ్మా.”

ప్రేమమణి తన కంప్యూటర్లో ఆ చోటును పెద్దది చేసింది, ముదురు చేసింది. బూడిదరంగు మచ్చ ఒకటి పైకి తేలింది. సంతోషం పట్టలేక అప్పటికప్పుడే గుర్తు మార్చి పంపించేసింది.

“దొరికింది అంకుల్! మస్తు పట్టిన్రు!”

జవాబు రాలేదు. మౌస్ చప్పుడూ లేదు.

జకర్యా తల పక్కకు వాలి ఉంది. కట్టులేని కన్ను తెరిచే ఉంది, ఇంకా ఆ వలయం వైపే చూస్తూ. తలలో నరం చిట్లి ప్రాణం పోయిందని ఆ తర్వాత డాక్టరు చెప్పాడు.

సాయంత్రం తలుపు వేయబోతూ ప్రేమమణి ఆగిపోయింది. ఆయన్ను ఎత్తుతున్నప్పుడు జారిన రుమాలు, ముడి వీడకుండా, ఆయన తలంత ఖాళీ వలయంలా కుర్చీలో పడి ఉంది.