చుక్కలాయన

పాత సీపీయూ పక్కతలుపు ఊడదీయగానే రెండు బొద్దింకలు బయటికి దూకాయి. మూడోది ఎండిపోయి ఫ్యాను రెక్కకు అంటుకుని ఉంది. చుక్కలాయన ముక్కుకు రుమాలు బిగించి బ్రష్షు అందుకున్నాడు. దుమ్ము పొరలుగా పేరుకుని పాత దుప్పటి ముక్కలా చేతికొచ్చింది. అందులో వెంట్రుకలు, గోళ్ల ముక్కలు, ఎవరో ఎప్పుడో తిన్న బిస్కెట్ల పొడి. ఇరవై ఆరేళ్లుగా ఇదే పని. పైన పూలగుడ్డ కప్పి లోపల ఇంత చెత్త ఎలా పెంచుకుంటారో అని రోజూ వెగటే. బొద్దింక పెంటికలు వేలికి తగిలిన రోజు మధ్యాహ్నం అన్నం సగంలోనే వదిలేస్తాడు.

ఆ రిపేరు షాపులో అతని అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. పోయేకాలం దగ్గరపడ్డ హార్డ్ డిస్కు కనిపిస్తే దానిమీద ఎర్ర నెయిల్ పాలిష్‌తో ఒక చుక్క పెట్టి, పక్కన పెన్సిలుతో తేదీ వేస్తాడు. కాగితం అంటిస్తే ఊడిపోతుంది, ఇది గోటికి కూడా రాదు. మొదటి సీసా భార్యది. చెప్పకుండా పట్టుకొచ్చినందుకు ఆవిడ వారం రోజులు మూతి ముడుచుకుంది. అప్పట్నుంచి తనే కొనుక్కుంటున్నాడు. ఫ్యాన్సీ షాపులో "ఈ ముదురు ఎరుపు బాబాయికి బాగా నప్పుతుంది" అని మేలమాడతారు. అతను నవ్వి ఊరుకుంటాడు. నవ్వి ఊరుకోవడంలో అతన్ని మించినవాడు లేడు.

చుక్క పెట్టిన డిస్కులు ఓనరు గదిలోని అట్టపెట్టెలో పడేస్తే అవి పాత సామాన్లవాడికి పోతాయి. పోతాయనే అతను అనుకుంటాడు.

ఇవాళ్టి సీపీయూ రిటైరైన నర్సమ్మది. నిన్న ఒళ్లో పెట్టుకుని ఆటోలో తెచ్చింది. దాన్ని ఇంట్లో ఫొటోలన్నీ దాచే సర్వర్‌గా మార్చాలి. ఒక మూల ఉంటుంది, ఇంట్లోని ఫోన్లన్నీ వైఫై మీద దానికి కలుస్తాయి. లోపల రెండు డిస్కులు పెట్టాలి. ఒకదాంట్లో రాసిందే రెండోదాంట్లోనూ రాస్తుంది.

"అంటే ఒకటి పోయినా రెండోది ఉంటుందన్నమాట," అంది నర్సమ్మ.

"ఉంటుందమ్మా."

"మా అమ్మాయి ఫొటోలు మూడు ఫోన్లలో చెల్లాచెదరుగా ఉన్నాయి బాబూ. తను పోయి మూడేళ్లు. మనవరాలికి అమ్మంటే ఆ ఫొటోలే. ఫోన్లేమో నిండిపోయి మొరాయిస్తున్నాయి. ఇందులోకి ఎక్కించాక వాటిని ఖాళీ చేసేయొచ్చుగా?"

"చేసేయొచ్చమ్మా," అన్నాడు నిన్న.

దుమ్ము దులపడం అయ్యాక ఓనరు రెండు డిస్కులు తెచ్చి బల్లమీద పడేశాడు. తాళంచెవితో చెవి గుబిలి తీసుకుని ప్యాంటుకు తుడుచుకుంటూ, "బిగించెయ్. టెస్టులేం అక్కర్లేదు, నేను చూశా," అన్నాడు.

మొదటిది బిగించబోతుంటే స్క్రూ గాడిలో ఎర్రగా ఏదో కనిపించింది. దీపం కింద పెట్టి చూశాడు. లేబులు అంచున లేత గులాబీ మరక, పక్కన సగం చెరిగిన పెన్సిలు తేదీ. తన చేతిరాతే. రెండోదీ అంతే. కరెంటు ఇచ్చి చెవి దగ్గర పెట్టుకున్నాడు. టక్కు... టక్కు... చావబోయే డిస్కు చప్పుడు.

ఓనరు గదిలోంచి ఏళ్ల తరబడి వచ్చే నెయిల్ పాలిష్ రిమూవర్ వాసన ఇప్పుడు గొంతులోకి ఎగదన్నింది. ఆ వాసన అతనెరగనిది కాదు. తెలుసుకుంటే ఏదో ఒకటి చేయాల్సి వస్తుందని తెలుసుకోలేదు. పెళ్లి ఫొటోలన్నీ పోయాయని ఏడుస్తూ వచ్చిన కొత్త జంటకు "డిస్కుకూ ఆయుష్షుంటుందమ్మా" అని వేదాంతం చెప్పింది తనే. ఆ నోటిని సబ్బు పెట్టి కడుక్కోవాలనిపించింది. బొద్దింకలే నయం, చీకట్లో తింటాయి గాని వేదాంతం చెప్పవు.

డిస్కులు పట్టుకుని ఓనరు గదిలోకి వెళ్లాడు. బల్లమీద రిమూవర్ సీసా, ఎర్రగా తడిసిన దూది ఉండ. దాచే ఓపిక కూడా లేదు.

"సార్, ఇవి నేను చుక్క పెట్టినవి."

"అయితే ఏంటయ్యా? ఆర్నెల్లు నడిస్తే చాలు. తర్వాత పోతే వాళ్ల ఖర్మ."

"ఆవిడ ఫోన్లలోవన్నీ తుడిచేస్తుంది సార్. చనిపోయిన కూతురి ఫొటోలు. ఇంకెక్కడా లేవు."

"చుక్క పెట్టడం వరకే నీ పని. ఇన్నేళ్లూ నోరు మూసుకునే ఉన్నావుగా, ఇవాళేం వచ్చింది?"

అదీ నిజమే. అన్నిటికన్నా ఆ నిజమే ఎక్కువ కంపు కొట్టింది. అలవాటు కొద్దీ నవ్వి ఊరుకోబోయాడు. నవ్వు రాలేదు.

ఓనరు భోజనానికి వెళ్లిన కాసేపటికి నర్సమ్మ వచ్చింది. చేతిసంచిలో మూడు ఫోన్లు, ఒకదాని పగిలిన అద్దానికి టేపు అంటించి ఉంది. చుక్కలాయన సీపీయూను ఆమె ముందు పెట్టాడు.

"డబ్బా శుభ్రం చేశానమ్మా, సర్వర్‌గా పనికొస్తుంది. డిస్కులు మాత్రం పెట్టలేదు. ఇక్కడివి వద్దు, వేరేచోట కొత్తవి కొనుక్కోండి. అవి పెట్టించాక కూడా ఆ ఫోన్లలో ఒక్క ఫొటో తుడవకండి. నిన్న తుడవచ్చన్నాను. తప్పు చెప్పాను."

నర్సమ్మ అతని ముఖంలోకి చూసింది. ఎందరి ముఖాలో చదివిన మనిషి, కారణం అడగలేదు. ఫోన్లను సంచి అడుగుకి తోసింది.

"ఏమైనా తిన్నావా బాబూ? ముఖం పాలిపోయింది."

"తిన్నానమ్మా," అని అబద్ధమాడాడు.

ఆమెను ఆటో ఎక్కించి వచ్చి, అట్టపెట్టెను ఓనరు బల్లమీద బోర్లించాడు. చేతిలో రెండు, పెట్టెలో పదిహేను. స్క్రూడ్రైవరు మొనతో ఒక్కో డిస్కు మీదా లోహం తేలేలా అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత గీశాడు. రంగు తుడిస్తే పోతుంది, ఇది పోదు.

రెండుసార్లు సబ్బుతో చేతులు కడుక్కున్నాడు. క్యారియరు, కళ్లజోడు పెట్టె తీసుకున్నాడు. స్క్రూడ్రైవర్లు షాపువి, వరసగా పేర్చాడు. టీకి వెళుతున్నాడనుకుని పక్క బల్లలవాళ్లు తలెత్తలేదు. మర్నాడు అతను రాలేదు, ఆ తర్వాత కూడా రాలేదు.

ఓనరు బల్లమీద, గీతలు పడ్డ డిస్కుల కుప్ప పక్కన, రిమూవర్ సీసాను ఆనుకుని, ఇంకా సగం నిండుగా ఉన్న ఎర్ర నెయిల్ పాలిష్ సీసా.