నొమురా సార్ తలుపు

కువైట్‌లో రోజూ పొద్దున సుబ్బన్న అబూ హలీఫా నుంచి అహ్మదికి కారు నడుపుతాడు. వెనక సీట్లో జపాన్ ఇంజనీరు నొమురా. పెద్దాయనకు ప్రొస్టేట్ గ్రంథి పెరిగింది. ఒంటికి వచ్చినప్పుడల్లా దారిపక్క ఇసుకలో ఒక నీలం బాత్‌రూమ్ తలుపు వచ్చి నిలబడుతుంది. ఆయన లోపలికి వెళ్లొస్తాడు. ఎలాగూ కారు ఆపాం కదా అని సుబ్బన్నా వెళ్లొస్తాడు. అహ్మది చమురు కంపెనీ గేటు దగ్గర మనుషులను పాసు అడుగుతారు గాని తలుపును అడిగినవాడు లేడు.

జపాన్ నుంచి మాత్రలొచ్చాయి, అక్కడి మగవాళ్లకు రాసే చిన్న మోతాదువి. గబుక్కున లేస్తే తల తిరిగేది గాని, నెల తిరిగేసరికి నొమురా రాత్రుళ్లు హాయిగా నిద్రపోతున్నాడు. తలుపు మాత్రం మునుపటిలాగే వస్తోంది. స్నేహం వదులుకోలేక వస్తోందిలే అనుకున్నారు.

అంతలో ఇద్దరికీ జలుబు చేసింది. కువైట్ విమానమెక్కే కడప మనిషికి ఊరగాయ సీసా ఎంతో మాత్రల సంచీ అంత. సుబ్బన్న ఒకటి తను మింగి, ఒకటి సారుకిచ్చాడు. ప్రేమతోనే ఇచ్చాడు, పాపం.

మర్నాడు నొమురా తలుపు లోపలికి వెళ్లి ఎంతసేపటికో బయటికొచ్చాడు. ముఖం పాలిపోయింది.

"రావడం లేదు సుబ్బన్నా," అన్నాడు వచ్చీరాని హిందీలో.

ఆసుపత్రిలో గొట్టం వేశారు. డాక్టరు జపాన్ మాత్రలు తిప్పి చూసి పెదవి విరిచాడు. "ఇవి పనిచేయలేదు. ఆపరేషన్ చేద్దాం. వేరే మందేమైనా వేసుకున్నారా?"

"లేదు," అన్నాడు నొమురా, సుబ్బన్న వైపు చూడకుండా.

సుబ్బన్నకు ఆ జలుబు మాత్ర గుర్తొచ్చింది. చెబితే ఉద్యోగం ఖలాస్, ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా ఖలాస్. చెప్పకపోతే అన్యాయంగా పెద్దాయన్ని కోస్తారు.

అప్పుడు తలుపు వార్డులోకి వచ్చింది. నొమురా మంచం దాటి, సుబ్బన్న ముందు నిలబడింది.

కోనసీమ నర్సు సత్యదుర్గ దాన్నీ అతన్నీ చూసింది. "ఇది మీకోసం వచ్చిందండి బాబాయ్‌గారూ. ఎన్నాళ్లనుంచండి మీకీ ఇబ్బంది?"

సుబ్బన్న సిగ్గుతో తల దించుకున్నాడు. "యాడాది పైనే అయిందమ్మా. ఎవురికీ చెప్పలే. పొద్దున్నుంచి నాకూ పడ్లేదు. ఆ జలుబు మాత్ర సారుకు నేనే ఇస్తి. నేనూ మింగితి."

సత్యదుర్గ ఆ సంగతి చెప్పగానే డాక్టరు ఆపరేషన్ మాట వదిలేశాడు. మూత్రం ఆపింది ఆ జలుబు మాత్రేనని, పాత మందే వాడమని నొమురాకు చెప్పి, సుబ్బన్నను పక్క మంచం ఎక్కమన్నాడు.

గొట్టం వేశాక నొప్పి తగ్గింది గాని భయం తగ్గలేదు. "రేపట్నుంచి బండి ఎవురు తోల్తారు సార్?" అన్నాడు సుబ్బన్న.

నొమురా పక్క మంచం వైపు తిరిగాడు. "వేరే మనిషి."

సుబ్బన్న కళ్లు మూసుకున్నాడు.

"నీకు బాగయ్యేదాకా," అన్నాడు నొమురా. "మనిద్దరం వెనక కూర్చుందాం."