వాయనమైపోయిన శనగలు

అన్నపూర్ణేశ్వరి తణుకు నుంచి ఢిల్లీ వచ్చి ఆర్నెల్లయింది. కొడుకు సుధీంద్రకి కేంద్రప్రభుత్వంలో ఉద్యోగం, కోడలు హారికకీ ఉద్యోగమే, జనక్‌పురిలో రెండో అంతస్తులో కాపురం. ఆవిడకి ఎండా దుమ్మూ అలవాటయ్యాయి గాని, ఎనిమిదేళ్ల మనవరాలు భానుశ్రీతో మాటలు మాత్రం సగంలోనే ఉన్నాయి. పిల్లకి తెలుగంతా అర్థమవుతుంది, జవాబు హిందీలో చెబుతుంది. మామ్మకి హిందీలో అచ్ఛా, ఠీక్ హై తప్ప మూడో ముక్క రాదు. ఆ రెండు ముక్కలతోనే ఆవిడ మనవరాలి ప్రేమని నెట్టుకొస్తోంది.

తొంభై ఆరో సంవత్సరం శ్రావణంలో ఒక ఆదివారం పొద్దున, ఆ కాస్త మాటలూ పోయే ఘడియ వచ్చింది.

అంతకు ముందు శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. హారిక తెల్లవారుజామునే లేచి కలశం పెట్టి, పూజ చేసుకుని, పరుగున ఆఫీసుకు పోయింది. సాయంత్రం పేరంటానికి శనగలు నానబెట్టడం మాత్రం మర్చిపోయింది. ఆ సంగతి అత్తగారికి తెలియదు. ఆవిడ వంటింట్లోకి వెళ్లి చూస్తే, కిటికీ దగ్గర ఒక గిన్నె, అలమార్లో ఒక గిన్నె, రెండింటి నిండా నానిన శనగలు, పైన పల్చటి తడిగుడ్డ. ఒక గిన్నె మీద సూర్యుడి బొమ్మ, రెండో దాని మీద చంద్రుడి బొమ్మ అంటించి ఉన్నాయి.

"సూర్యచంద్రులున్నంత కాలం సౌభాగ్యం నిలవాలని కాబోలు! ఆఫీసు హడావిడిలో కూడా ఎంత ముచ్చటగా ఆలోచించింది!" అని కోడల్ని మెచ్చుకుని, ఆ రెండు గిన్నెల్నీ కలిపేసింది. సాయంత్రం వచ్చిన ఆడవాళ్లందరికీ తమలపాకులు, అరటిపండు, జాకెట్టు గుడ్డ, దోసెడు శనగలు కవరులో పెట్టి వాయనమిచ్చింది. ఎదురింటి పంజాబీ ఆవిడ కుల్వంత్‌కి "ఇస్తినమ్మ వాయనం" అంటే "పుచ్చుకుంటినమ్మ వాయనం" అనాలని నేర్పించి మరీ ఇచ్చింది. కుల్వంత్ నాలుక మెలికలు పడి, ఇల్లంతా నవ్వులయ్యాయి. హారిక ఆఫీసు నుంచి వచ్చేసరికి పేరంటం ముగిసింది; శనగలు అత్తగారే నానబెట్టారనుకుంది.

శుక్రవారం బడి నుంచే తండ్రితో ఘాజియాబాద్‌లో మేనత్త ఇంటికి వెళ్లిన భానుశ్రీ, ఆదివారం పొద్దున వచ్చింది. చెప్పులైనా విప్పకుండా అలమారు తెరిచింది. తోమి బోర్లించిన గిన్నె కనబడింది.

"మేరే చనే కహాఁ హైఁ?"

చనే అంటే శనగలని మామ్మకి అర్థమైపోయింది. మిగతాది హారిక నెత్తి కొట్టుకుంటూ చెప్పింది.

భానుశ్రీ బడిలో చిన్నపిల్లలకి సైన్స్ క్లబ్ ఒకటుంది. సోమవారం బడి అయ్యాక, తెలుగావిడే అయిన అరుంధతి టీచర్ నడుపుతుంది. దాని ఆస్తంతా ఒక భూతద్దం, పాత రేడియోలోంచి ఊడదీసిన అయస్కాంతం, కాసిని ఖాళీ జామ్ సీసాలు. వారానికొక పిల్ల తన ప్రయోగం అందరి ముందూ నిలబడి చూపించాలి. క్లాసులో గొంతు పెగలని భానుశ్రీ, వేసవి సెలవుల ముందు నుంచీ తన వంతు కోసం కాచుకుని ఉంది. విత్తనం మొలకెత్తాలంటే వెలుతురు కావాలా అన్నది ఆమె ప్రశ్న. సూర్యుడి గిన్నె వెలుతురులో, చంద్రుడి గిన్నె చీకట్లో. ఎవరూ ముట్టుకోవద్దని తల్లికి చెప్పే వెళ్లింది. తల్లి హడావిడిలో ఊఁ కొట్టింది.

"మళ్లీ నానబెడదాం లేమ్మా," అంది హారిక.

"కల్ హై, మమ్మీ! కల్!" అని ఏడుస్తూ భానుశ్రీ గదిలోకి పోయి తలుపేసుకుంది. రేపటికల్లా ఏ శనగ మొలుస్తుంది?

అన్నపూర్ణేశ్వరికి కాఫీ సయించలేదు. పిల్ల నోటి దగ్గర ముద్ద లాక్కున్నట్టు బాధపడింది. పోనీ వెనక్కి అడుగుదామా అంటే, ఇచ్చిన వాయనం తిరిగి అడిగిన ఆడది వాళ్ల వంశంలోనే లేదు. గుమ్మం దగ్గర చాలాసేపు తచ్చాడి, చివరికి చెప్పులేసుకుంది.

"అడగను. చూసొస్తాను. చూడ్డానికేం దోషం లేదుగా," అంది కోడలితో. తర్వాత గది తలుపు తట్టింది. "ఒసే భానూ, రావే. నాకు హిందీ రాదు. నువ్వు లేకపోతే నేను వాళ్లింట్లో గుడ్లప్పగించి నిలబడాలి."

తలుపు తెరుచుకుంది. పిల్ల ముఖం ముడుచుకునే ఉంది. మామ్మ చెయ్యి పట్టుకోకుండా, రెండు మెట్లు ముందు నడిచింది.

కుల్వంత్ తన శనగల్ని పల్చటి తడిగుడ్డలో మూటగట్టి, వంటింటి కిటికీకి వేలాడదీసింది. మూట విప్పితే ప్రతి గింజకీ తెల్లటి తోక. భానుశ్రీ ముఖంలో ముడి కొంచెం సడలింది. పై అంతస్తులో సరోజ అనే తెలుగావిడ, కవరు కవరుగానే దేవుడి బీరువాలో పెట్టి తాళం వేసి మర్చిపోయింది. "అయ్యో పిన్నిగారూ, వాయనాన్ని అశ్రద్ధ చేశాను, తిట్టకండి," అంటూ భయపడుతూ తీసింది. చిమ్మచీకట్లో ఉన్నా అవీ మొలిచాయి!

"అంధేరే మేఁ భీ!" అని అరిచింది భానుశ్రీ. అక్కణ్ణుంచి మామ్మే పిల్లని అందుకోలేకపోయింది.

కింది ఇంట్లో మిశ్రా ఆంటీ ఫ్రిజ్‌లో పెట్టినవి, పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. పక్క బ్లాకులో కొత్తగా కాపురానికొచ్చిన అమ్మాయి గిన్నెడు నీళ్లలో ముంచి వదిలేసింది. నురగ కట్టి, ముక్కు పట్టుకోవాల్సి వచ్చింది. ఇంకో ఇంట్లో అవి నిన్ననే కూరైపోయాయి. ఆవిడ మిగిలిన కూర గిన్నెలో పెట్టి ఇవ్వబోతే, మామ్మ "ఠీక్ హై, ఠీక్ హై" అని చేతులూపింది.

భానుశ్రీ మెట్ల మీద కూలబడింది. కళ్లు మెరుస్తున్నాయి. వెలుతురు, చీకటి, చలి, నీళ్లు. తాను రెండు గిన్నెల్లో చూద్దామనుకున్నది కాలనీ అంతా చేసి పెట్టింది. మామ్మ కొంగు పట్టుకుని లాగింది.

"మాంగో నా, మామ్మా!"

మళ్లీ మాట్లాడింది! ఆవిడ ప్రాణం లేచొచ్చింది. అడగమంటోంది పిల్ల. ఎలా అడగడం? వెనక్కి తీసుకోకుండా పుచ్చుకునే దారి ఏమన్నా ఉందా? ఉంది! ఎందుకు లేదు? ఆడపిల్ల పేరంటాలే కదా, చిన్నదైతే మాత్రం లక్ష్మి కాదా?

"వాళ్లని తిరిగివ్వమనక్కర్లేదే. నీకు వాయనమిమ్మను. ఎన్ని గింజలిచ్చినా చాలు. అలా చెప్పు," అంది.

భానుశ్రీ ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. గంట తిరక్కుండా ఆడవాళ్లంతా నవ్వుకుంటూ వచ్చారు. ఫ్రిజ్‌లోవి, బీరువాలోవి, కంపు కొట్టేవి కూడా పళ్లెంలో పెట్టుకుని వచ్చారు. మామ్మ మనవరాలి నుదుట బొట్టు పెట్టి పీట మీద కూర్చోబెట్టింది. అందరికన్నా ముందు కుల్వంత్ చున్నీ తల మీదికి లాక్కుని, "ఇస్తీనమ్మా వాయ్‌నమ్!" అంది.

భానుశ్రీ రెండు చేతులూ చాచింది. ఒకసారి మామ్మ వంక చూసింది.

"పుచ్చుకుంటినమ్మ వాయనం," అంది, ఒక్క అక్షరం తడబడకుండా. అన్నపూర్ణేశ్వరికి కళ్లు చెమర్చాయి. ఆవిడ వాటిని దాచుకోలేదు.

సోమవారం సాయంత్రం క్లబ్‌లో బల్ల మీద ఆ శనగలన్నీ జామ్ సీసాల్లో వరసగా నిలిచాయి. మామ్మ వ్రతం నాటి పట్టుచీర కట్టుకుని వెనక బెంచీ మీద కూర్చుంది. భానుశ్రీ మొదట్లో తలెత్తకుండా చెప్పినా, కంపు సీసా మూత తీసేసరికి పిల్లలంతా ముక్కులు మూసుకుని కేకలు పెట్టారు, ఆ గోలలో భయం ఎటో పోయింది. నీళ్లలో మునిగిన గింజలకి గాలి అందలేదని అరుంధతి టీచర్ చెప్పింది. తర్వాత, ఇన్ని రకాలుగా పెట్టి చూడాలన్న ఆలోచన ఎవరిదని అడిగింది.

"మా మామ్మది," అంది భానుశ్రీ తెలుగులోనే, వెనక బెంచీ వైపు వేలు చూపించి.

"అయ్యో రామ! నేను పొరపాటున పంచేశానమ్మా," అని మామ్మ నిజం చెప్పేసింది. టీచర్ నవ్వుతూ దాన్ని హిందీలో చెప్తే, పిల్లలు ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు.

మరుసటి వారం క్లబ్ కోసం భానుశ్రీ పెసలు నానబెట్టింది. అన్నపూర్ణేశ్వరి అలమారు తెరవబోయి, ఎందుకైనా మంచిదని మనవరాల్ని పిలిచింది. లోపలా కిటికీ దగ్గరా కలిపి ఈసారి మూడు గిన్నెలున్నాయి. ఒకదాని మీద సూర్యుడు, ఒకదాని మీద చంద్రుడు, మూడో దాని మీద కళ్లజోడు, ముడి, ఇంత పెద్ద బొట్టుతో ఒక ముసలావిడ.

"ఇదెవరే?"

"నువ్వే, మామ్మా. ఇది నీ గిన్నె," అంది భానుశ్రీ, ఒక్కో తెలుగు మాటా వెతుక్కుంటూ. "ఇది నువ్వు అందరికీ ఇచ్చెయ్యి. తర్వాత మనిద్దరం వెళ్లి చూద్దాం."