గుండెలో గడియారం

నాలుగేళ్ల కిందట నా గుండెలో పాడైన వాల్వు తీసేసి విదేశీ వాల్వు పెట్టారు. అప్పటి నుంచి నేను టిక్కు టిక్కుమంటాను. పూజలో కూర్చుంటే పక్కవాళ్లు చేతి గడియారాలు చూసుకుంటారు, నాకు తలవంపులు. దాని మీద నెత్తురు గడ్డకట్టకుండా రోజూ ఒక మాత్ర వేసుకోవాలి. అంత చిన్న మాత్ర ఒక ప్రాణాన్ని మోస్తుందంటే ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు.

మా ఆయన అమరనాథ్ కరెంటు ప్లాంటులో ఇంజనీరు. మా జ్యోతినగర్ క్వార్టర్లలో అంతటి యంత్రభక్తుడు లేడు. ఏ దేశపు యంత్రానికి ఆ దేశపు నూనే పోయాలన్నది ఆయన వేదం. అదే సూత్రం నాకూ వర్తింపజేశారు.

"వాల్వు బయటి దేశంది, మందు ఇక్కడిదెందుకు? ఆన్‌లైన్ల తెప్పించిన," అంటూ ఒక డబ్బా చేతిలో పెట్టారు.

"డాక్టరమ్మకు చెప్పిన్రా?"

"గదే మందు విద్యా. ఊకె ఫికర్ చెయ్యకు."

డాక్టరు చీటీ కూడా అడగని దుకాణమేమిటని గొణుగుతూనే వేసుకున్నాను. ఆ డబ్బా మెరుపు అలాంటిది. పైన పటారం, లోన లొటారం. మందు సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే రక్తపరీక్ష కూడా వాయిదా వేశాం.

కొన్నాళ్లకు మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. ఎండలనుకున్నాను. ఒక ఆదివారం భోజనాలయ్యాక, కరెంటు తయారుచేసే ఊళ్లోనే కరెంటు పోయింది. ఫ్యాను ఆగి ఇల్లంతా నిశ్శబ్దమైంది. ఆయన చటుక్కున లేచారు.

"విద్యా, నీ చప్పుడేది?"

నా ఛాతీకి చెవి ఆనించారు. బేరింగు చెడితే చెవితోనే పట్టేసే మనిషి. ముఖం పాలిపోయింది.

"మెత్తగైంది. జల్ది లే, దవాఖానకు పోదాం."

కరీంనగర్ ఆసుపత్రి స్కానింగ్ తెర మీద నా వాల్వును మొదటిసారి చూశాను. దానికి రెండు రెక్కలు. ఒకటి తలుపులా తెరుచుకుని మూసుకుంటోంది, రెండోది కదలడం లేదు. నేను నిద్రపోయినా, కసురుకున్నా, ఇన్నాళ్లూ ఇవి ఆడుతూనే ఉన్నాయా! భయపడాల్సిన చోట నాకు చేతులు జోడించాలనిపించింది.

"గడ్డ అడ్డం పడింది," అంది డాక్టరమ్మ. డబ్బా తిప్పి చూసింది. "ఇందులో ఏముందో దేవుడికే తెలియాలి. మీ రక్తంలో మాత్రం మందు పనిచేసిన జాడే లేదు."

గడ్డ కరిగే మందు చుక్కచుక్కగా ఎక్కించారు. కరగకపోతే మళ్లీ గుండె కోయాలన్నారు. ఆయన మంచం పక్కనే కూర్చున్నారు.

మర్నాడు పొద్దున కాఫీ అందుకోబోతుంటే వినిపించింది. టిక్కు. ఇద్దరం ఊపిరి బిగబట్టాం. టిక్కు, టిక్కు. టర్బైన్ల హోరుకు కన్నార్పని మనిషి ఆ చిన్న చప్పుడుకు వెక్కి వెక్కి ఏడ్చారు.

ఇప్పుడు పూజలో పక్కావిడ గడియారం చూసుకుంటే నేనే చెబుతున్నాను. "అది నేనే అక్కా, బతికున్న."