అత్తగారి అతుకుల తలుపు

మిసుజుకి ఇంకొక్క ఫొటో కావాలి. జనవరిలో క్యోటోలో ఆమె మొదటి ప్రదర్శన. గోడ మీద పన్నెండింటికి చోటుంది, చేతిలో ఉన్నవి పదకొండే. పన్నెండోది మత్సుయేలో అత్తగారింట్లో ఉందని ఆమెకి తెలుసు. మామగారు పోయాక ఆరేళ్లుగా అత్తగారు సుమియే వెనకగది తలుపు చట్రానికి అతికించే పల్చటి కాగితం మార్చలేదు. పిల్లి గీరి చిల్లు పెట్టినప్పుడల్లా ఓ కాగితప్పువ్వు కత్తిరించి అతికిస్తుంది. పొద్దుటి ఎండ పడితే ఆ పువ్వులన్నీ నీడలై తేలతాయి.

"రేపొస్తాను అత్తయ్యా, మీ కాగితపు తలుపు ఫొటో తీసుకోవాలి" అని ఫోన్లో చెప్పింది. చెప్పడమే కొంప ముంచింది.

తెల్లారి వెళ్లేసరికి సుమియే చొక్కా చేతులు పైకి మడుచుకుని, తలుపు ముందు కూర్చుని టప్ టప్‌మని వేళ్లతో చిల్లులు పొడుస్తోంది. చిన్నప్పుడు ఇదే పని చేశాడని కొడుకు వీపు వాయగొట్టిన మనిషి! పాత కాగితం పీకే రోజు మాత్రం పొడవడానికి ఎవరికైనా హక్కుందాయె.

"రావే అమ్మాయ్, నువ్వూ రెండు పొడువు! మధ్యాహ్నానికి కొత్త కాగితం వేసేస్తా. అతుకుల తలుపు క్యోటో అంతా చూస్తే నా పరువేం కాను?"

మిసుజు నిలబడ్డచోటే చతికిలబడింది.

"ఆ అతుకుల కోసమే వచ్చానత్తయ్యా."

"ఆఁ? ఆ మాట ముందే చెప్పి ఏడవొచ్చుగా!"

"చెబితే మీరు సర్దేస్తారని..."

"చెప్పకపోతే మాత్రం ఊరుకున్నానా?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు నవ్వింది మిసుజే. సుమియేకి మాత్రం ప్రాణం ఒప్పలేదు. కత్తెర తెచ్చుకుని, చిల్లులన్నిటికీ మళ్లీ పువ్వులు వేస్తానని గబగబా కత్తిరించసాగింది. "ఒక్క గంటాగు. పదిహేనా, ఇరవయ్యా... ఛ, ఇన్నెందుకు పొడిచానో!"

అప్పుడే పక్కింటి కప్పు దాటి ఎండ వచ్చింది. చిల్లు చిల్లులోంచీ దూరి ఆమె తెల్లజుట్టు మీదా, ఒళ్లోని కాగితప్పువ్వుల మీదా గుండ్రంగా పడింది. మిసుజు కెమెరా ఎత్తింది.

"నన్నెందుకే? మొహమైనా కడుక్కోలేదు!"

"కదలకండి అత్తయ్యా."

ప్రదర్శనకి సుమియే మంచి కిమోనో కట్టుకుని వచ్చింది. జనమంతా పన్నెండో ఫొటో దగ్గరే ఆగుతున్నారు. ఆమె దాని పక్కనే కాపలా నిలబడి, వచ్చినవాళ్లందరికీ వంగి నమస్కరించి చెప్పింది:

"ఆ సాయంత్రమే కొత్త కాగితం వేశానండీ. ఇది తీసేసరికి వెయ్యలేదంతే."