ఆరిళ్ళకూ ఒకే అచ్చు

ఆ మేడలో ఆరిళ్ళు. ఆరిళ్ళ నెట్టూ చూసేది మొదటి అంతస్తులో కాపురముంటున్న కేబుల్ అబ్బాయి. ఇంటింటికీ తిరిగి రూటర్ల ముందు చతికిలబడడం విసుగొచ్చి, అతను తన కంప్యూటర్లో ఒక అచ్చు తయారుచేశాడు. అన్ని రూటర్లనూ దానికి తగిలించాడు. అచ్చులో ఒక్క వరుస మారిస్తే చాలు, ఆరిళ్ళలోనూ అదే మారిపోతుంది. తాను డ్యూటీలో ఉంటే చూసుకోమని పెళ్ళానికీ నేర్పాడు.

"ఏం మార్చినా అచ్చులోనే మార్చు. ఒక్కో ఇంటిదీ విడిగా కెలికావంటే, ఆ చిక్కు మా తాత దిగొచ్చినా విప్పలేడు."

చదువు మధ్యలోనే ఆగిపోయిన ఆమెకు మొగుడు చెప్పేవి చాలావరకు చెవి పక్కనుంచే పోయేవి. ఇది మాత్రం ఎక్కింది.

ఆమె దిగులు వేరు. చంటాడు మధ్యాహ్నం రెప్ప వాల్చడం మానేశాడు. టీవీలో నీలం ఏనుగు గెంతుతుంటే వాడూ గెంతుతాడు. తను ఆపితే పైకప్పు లేచిపోయేలా ఏడుస్తాడు. నిద్ర లేక పిల్లాడు చిక్కిపోతున్నాడని ఆమె రోజూ వాడి బుగ్గలు పట్టి చూసుకునేది. తను చిక్కిపోవడం చూసేవాళ్ళెవరూ లేరు.

ఏనుగు దానంతట అదే ఆగితే? ఆ ఆలోచన రాగానే ఆమె అచ్చు తెరిచి, మధ్యాహ్నం కాసేపు నెట్ ఆగేలా ఒక వరుస రాసేసింది.

అనుకున్నట్టే, ఏనుగు గాల్లో ఉండగానే బిగుసుకుపోయింది. పిల్లాడు దాన్ని కాసేపు చూసి, "ఏనుగు జోజో" అని తీర్పు చెప్పి, రిమోట్ పిడికిట్లో పట్టుకునే తల్లి భుజం మీద వాలిపోయాడు. ఆమెకు స్వర్గం బెత్తెడు దూరంలో కనిపించింది.

అంతలో తలుపు దబదబా మోగింది. వచ్చింది ఇంటి ఓనరమ్మ. ఆవిడ ముద్దుగా పిలిచినా వీధి కుక్కలు ఉలిక్కిపడతాయి.

"ఏమే పిల్లా! పైన మా అమ్మాయి ఉద్యోగం ఇంటర్వ్యూలో కూర్చుంది. 'నా బలం ఏమిటంటే' అనేసరికి బొమ్మ ఆగిపోయింది. ఇప్పుడు దాని బలమేమిటో వాళ్ళకెవరు చెబుతారు, నువ్వా?"

"మెల్లగా పిన్నిగారూ, బాబు..."

"బాబుకేం, మహారాజులా ఉన్నాడు!"

వెనకాలే ఎదురింటి తాతగారు. "గెలిచే చదరంగమమ్మా! ఇంకో ఎత్తులో వాడి రాజు పోయేవాడు."

"మీరు ఏనాడు గెలిచారు గనక!" ఓనరమ్మ ఆయన్నీ వదల్లేదు.

ఆమె మొగుడికి ఫోన్ చేసి జరిగింది చెప్పింది.

"ఎక్కడ రాశావు?"

"అచ్చులోనే. మీరేగా అలా చెప్పింది!"

స్తంభం ఎక్కి ఉన్న మొగుడు పట్టు జారబోయి, మళ్ళీ స్తంభాన్ని వాటేసుకున్నాడు. "సరే, ఆ వరుస తీసెయ్."

"తీస్తే ఏనుగు లేస్తుంది. ఏనుగు లేస్తే వీడు లేస్తాడు. రిమోట్ వీడి గుప్పిట్లో ఉంది, ప్లగ్గు బీరువా వెనక ఉంది!"

"అయితే మన ఇంటి పేరు కింద విడిగా రాయి. మిగతావన్నీ అచ్చులోంచే వస్తాయి, ఆ ఒక్క వరుస మనకే పనిచేస్తుంది."

"విడిగా కెలకొద్దన్నారుగా?"

"ఇప్పుడు కెలుకు తల్లీ!"

ఒక చేత్తో పిల్లాణ్ణి అదిమిపట్టి, రెండో చేత్తో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టింది. ముందు తన ఇంటి కింద రాసి, ఆ తర్వాతే అచ్చులోది తీసింది. తారుమారైతే ఏనుగుకు ఒక గెంతు దొరికినట్టే.

బటన్ నొక్కింది.

"నా బలం ఓపికండీ!" పైనుంచి ఓనరమ్మ కూతురి గొంతు వినిపించింది. తాతగారు రాజు కోసం పరుగెత్తారు. టీవీలో ఏనుగు మాత్రం గాల్లోనే ఉంది. పిల్లాడు పెదవులు చప్పరించి, ఇంకాస్త బరువెక్కాడు.

ఇక తన పని మొదలన్నట్టు ఓనరమ్మ నోరు తెరిచింది. పిల్లాడి తల్లి చేతులు జోడించబోయింది గానీ, ఖాళీగా ఉన్నది ఒకటే. ఆ ఒంటి చెయ్యీ, కళ్ళకింది నలుపూ చూసి ఓనరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. పిల్లాడి పాదం నిమురుతూ, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గుసగుసగా తిట్టడం మొదలుపెట్టింది.

"నీ తెలివి తెల్లారినట్టే ఉందే మొద్దుమొహమా. ఆ ఉద్యోగం గానీ రాలేదో, నిన్నూ నీ మొగుణ్ణీ ఆ రూటర్‌తో సహా..."

తిట్లు సగంలో ఉండగానే పిల్లాడి తల్లి గోడకు జారగిలబడి గుర్రు పెట్టింది.